బటన్ నొక్కినవాడి బాధ

పోయిన ఆదివారం మా బావమరిది వైట్‌ఫీల్డ్ నుంచి భోజనానికి వచ్చాడు. నేను చేస్తున్న బుల్లి రైలింజను నమూనా కోసం కోసి బల్ల మీద ఆరబెట్టిన ఇత్తడి నక్షత్రాన్ని చూసి, వేలిమీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. అడ్డంగా పదిహేను మిల్లీమీటర్లు, ఎనిమిది కోణాలు, మధ్యలో దీపానికి రంధ్రం.

"భలే ఉంది బావా! ఆ మిల్లింగ్ యంత్రం చేసిందా?"

అవునన్నాను. తిరిగే కటర్‌తో లోహాన్ని చెక్కే యంత్రం అది, కంప్యూటర్ చెప్పిన గీత వెంట తనే కదులుతుంది.

"అంటే మీరు బటన్ నొక్కారన్నమాట."

పప్పులో నెయ్యి వేసుకుంటూ అన్న మాట అది. తనకు గుర్తు కూడా ఉండదు. నాకు మాత్రం వారం రోజులుగా ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్టు, ఓపిక ఉన్నవారు చదవండి.

ఆ నక్షత్రం డబ్ల్యూపీ ఆవిరి ఇంజను ముక్కు మీదది. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం నుంచి మొదటి విడతగా వచ్చిన, తూటా లాంటి ముక్కున్న ఇంజను. చిన్నప్పుడు బిట్రగుంటలో తాతయ్య చెయ్యి పట్టుకుని చూశాను. వేడికి దగ్గరకు వెళ్లే ధైర్యం లేక, ఆ నక్షత్రాన్నే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు దాన్ని 87వ వంతుకు కుదించి చేసుకుంటున్నాను.

ఇక బటన్ సంగతి. నేను వాడిన కటర్ వ్యాసం అర మిల్లీమీటరు, దానికి రెండు పళ్లు. నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతూ, ఒక్కో పన్ను ఒక్కో చుట్టుకు మిల్లీమీటరులో 200వ వంతు లోహాన్ని గీకాలి. కటర్‌ను బిగించి పట్టే కాలెట్‌లో కంటికి కనిపించని రజను ఒకటి ఇరుక్కుని కటర్ అలాంటి వంతులు నాలుగు పక్కకు ఊగిందనుకోండి, పని మొత్తం ఒక పన్ను మీదే పడుతుంది. రెండోది గాలిని కోస్తుంది. కటర్ విరిగినప్పుడు చప్పుడు కూడా రాదు. కటర్‌ను తిప్పే ఇరుసు, అదే స్పిండిల్, ఇత్తడి మీద హుందాగా తిరుగుతూనే ఉంటుంది, కింద ఏమీ తెగదు. ఒక్క రాత్రిలో మూడు కటర్లు అలా పోయాయి. కాలెట్‌ను కిరోసిన్‌తో కడిగి, ఊపును కొలిచే డయల్ గేజీ పెట్టి, చేత్తో కొంచెం కొంచెం తిప్పి చూసుకోవడం నాలుగోదానికి గాని అలవాటు కాలేదు.

రేకును పట్టి ఉంచడం దీనికన్నా పెద్ద తంటా. 0.3 మిల్లీమీటర్ల రేకును వైస్‌లో బిగిస్తే అప్పడంలా ఉబ్బుతుంది. దీనికి ఉపాయం చెప్పింది మా జాలహళ్లి పక్కింటి పెద్దాయన. యంత్రాలను చేసే యంత్రాలు తయారుచేసిన హెచ్‌ఎంటీ కర్మాగారం టూల్‌రూములో పని చేసి రిటైరైనాయన, మాది చిత్తూరు అని తెలిసినప్పటి నుంచీ నాతో తెలుగే మాట్లాడతారు. "బాబూ, ముందు అడుగున పెట్టే అల్యూమినియం పలకను ఆ యంత్రంతోనే ఒక పొర చెక్కు. అప్పుడు పలక యంత్రం మాట వింటుంది" అన్నారు. పలకకు ఒక టేపు, రేకు వెనక ఒక టేపు, రెండింటి మధ్య సూపర్ గ్లూ. పని అయ్యాక కాస్త వేడి చేస్తే ఊడి వస్తుంది. పలక చెక్కకుండా చేసిన మొదటి నక్షత్రం ఒక వైపు పూర్తిగా తెగింది, ఇంకో వైపు గీత మాత్రం పడింది.

ఇత్తడి కూడా ఏదో ఒకటి అంటే కుదరదు. కోతకు బాగుండే ఇత్తడి కడ్డీల్లో సుమారు 3 శాతం సీసం ఉంటుంది, అందుకే రజను పొడిపొడిగా రాలుతుంది. నాకు కావలసిందేమో రేకు. తర్వాత దాన్ని ఎర్రగా కాల్చి మెత్తబరిచి, ముక్కు వంపు మీద చెక్కతో అదమాలి. వంగడానికి పనికొచ్చే ఆ రేకులో సీసం ఉండదు. కోస్తే జీడిపాకంలా కటర్‌కు చుట్టుకుంటుంది. వంపు కావాలంటే కోత కష్టం. ఇది ఏ బటన్‌కు తెలుసు?

కోణాల మధ్య మూలల సంగతి ఇంకా చెప్పలేదు. గుండ్రటి కటర్ లోపలి మూలను ఎప్పటికీ పదునుగా కోయలేదు. దాని సగం వ్యాసమంత, అంటే 0.25 మిల్లీమీటర్ల గుండ్రం మిగిలిపోతుంది. దాన్ని 87తో హెచ్చవేయండి. అసలు ఇంజను మీద దాదాపు 22 మిల్లీమీటర్ల గుండ్రం. చూసినవాళ్లకు నక్షత్రంలా కాదు, పువ్వులా కనిపిస్తుంది. ఆ ఎనిమిది మూలలనూ భూతద్దం కింద సన్నటి ఆకురాయితో నేనే పదును పెట్టాను. ఒక్కో మూలకు ఊపిరి బిగబట్టి పది పన్నెండు గీతలు.

ఇంతా చేసి పెద్దాయనకు చూపిస్తే, "అన్నీ ఆకురాయితోనే చేసి ఉంటే అసలైన పని అయ్యేది" అన్నారు! బావమరిదికి నేను ఏమీ చేయలేదు, ఈయనకు నేను దొంగపని చేశాను. ఈసారి ఊరుకోలేదు. "మీరు జీవితమంతా యంత్రాలను చేసే యంత్రాలు చేశారు కదండీ" అన్నాను. ఆయన నవ్వి, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

కొలతల శాస్త్రులు ఇంకో రకం. 0.3 రేకు అంటే అసలుదానికి 26 మిల్లీమీటర్ల మందమట, తప్పట. నిజమే. రెండు మిల్లీమీటర్ల రేకును లెక్క ప్రకారం కుదిస్తే 0.023 వస్తుంది, తలవెంట్రుక కన్నా సన్నం. ఒక్క పూత రంగు వేస్తే మునిగిపోతుంది. కొండపల్లి అంబారీ ఏనుగును తూకం వేసి కొనేవాణ్ణి మీరు చూశారా? ఆ మాటకొస్తే మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఈ కొలతలో అది 19.26 కావాలి. బజారులో దొరికే నమూనా పట్టాల మధ్య దూరం 16.5. నా డబ్ల్యూపీ పరాయి పట్టాల మీద కాళ్లు దగ్గరికి ముడుచుకునే నడుస్తుంది. ఏది కుదించాలో, ఏది ఉబ్బించాలో తేల్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది.

బావమరిదికి ఇవన్నీ చెప్పలేదు. అదనంగా కోసి పెట్టుకున్న ఇంకో నక్షత్రాన్నీ, ఆకురాయినీ, భూతద్దాన్నీ చేతిలో పెట్టాను. రెండు మూలలు బాగానే చేశాడు. మూడో మూల దగ్గర ఫోను మోగింది, చెయ్యి జారింది, కోణం చివర ఎగిరిపోయింది. నిన్న రాత్రి ఫోను చేసి, "బావా, ఆ విరిగిన కొసను అతికించవచ్చా?" అని అడిగాడు. కుదరదన్నాను. రేకు ఇంకా ఉంది, ఆదివారం రమ్మన్నాను. ఫోను ఇంట్లో పెట్టి రమ్మని కూడా చెప్పాను.