రెండో ప్యానెల్‌కు తొందరేముంది?

సమకాలీన కామిక్ చిత్రకారులు బొమ్మలు వేయడానికి కాక, బొమ్మలు ఎలా వేస్తారో చెప్పడానికే ఎక్కువ కాలం వెచ్చిస్తున్నారన్న నింద ఒకటి లోకంలో వ్యాపించి ఉంది. దానిని ఖండించడం నా విధిగా భావిస్తున్నాను. అందుకు తగిన అర్హత కూడా నాకు ఉంది: మా మేనల్లుడు బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీది గదిలో ఉంటూ మూడేళ్లుగా బొమ్మలతో కథ నడిపే ఒక గ్రాఫిక్ నవల మీద పనిచేస్తున్నాడు. అందులో మొదటి ప్యానెల్, అంటే మొదటి గడిలోని బొమ్మ, దాదాపు పూర్తయింది.

ఆ ప్యానెల్‌లో సిల్క్ బోర్డు కూడలిలో వానకు ఆగిపోయిన ఒక సిటీ బస్సు, దాని పక్కన ఒక ముసలి చెట్టు ఉంటాయి. సిల్క్ బోర్డు దగ్గరి ట్రాఫిక్‌లో బస్సు ఎలాగూ కదలదు కాబట్టి, చూసి గీసుకోవడానికి ఒక సాయంత్రం చాలునని నేను అజ్ఞానం కొద్దీ అన్నాను. "మామయ్యా, నువ్వు ఫలితం చూస్తున్నావు, నేను ప్రాసెస్ చూస్తున్నాను" అని వాడు జాలిగా బదులిచ్చాడు. గీతలో ఏమి చెప్పాలన్నది తరువాతి సంగతి, ముందు ఆ గీత ఎవరి పరంపరలోనిదో తేలాలి.

ఆ పరంపర విషయం నాకు ఇందిరానగర్‌లోని ఒక కాఫీ హోటల్లో జరిగిన గోష్ఠిలో బోధపడింది. అక్కడ మాట్లాడిన ప్రతి చిత్రకారుడూ, పెళ్లిలో పురోహితుడు వరుడి చేత చెప్పించినట్లు, ముందుగా తన ప్రవర చెప్పుకున్నాడు. మావాడు హెర్జే, తెజుకా, మోబియస్ అనే విదేశీ కామిక్ చిత్రకారుల త్రయార్షేయ ప్రవరాన్వితుడు, ఐప్యాడ్ సూత్రుడు, ప్రొక్రియేట్ అనే బొమ్మల యాప్ శాఖాధ్యాయి. నెల్లూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఏకంగా పంచార్షేయుడు. నేను గమనించినంత వరకు, ప్రవరలో ఒక జపాను ఋషి, ఒక బెల్జియం లేక ఫ్రాన్సు ఋషి, గదిలో ఎవరూ పేరు వినని ఋషి ఒకరు తప్పనిసరి. మోబియస్ అసలు పేరు జాన్ జిరో. ఆయన గుర్రాల కథలకు ఒక సంతకం, అంతరిక్ష కథలకు ఇంకొక సంతకం పెట్టేవాడు కాబట్టి, ఆయనను ఇద్దరు ఋషులుగా లెక్క వేయవచ్చునా అన్న మీమాంస అరగంట సాగింది. బాపు పేరు కూడా ఒకరు తలచారు, కాని తద్దినం నాడు తాతను తలచినట్లు తలచారు.

ఋషుల జీవితాలను నిజంగానే తరచి చూస్తే కొంత ఇబ్బంది కలుగుతుందని ఒప్పుకోక తప్పదు. ఒసాము తెజుకా తన జీవితకాలంలో సుమారు 1,50,000 పేజీలు గీశాడంటారు. పత్రికల వాళ్లు పేజీల కోసం గుమ్మంలో కాపు కాస్తూ ఉంటే, పాపం, ఆ మనిషికి తన ప్రాసెస్ గురించి నాలుగు మాటలు చెప్పుకునే తీరిక ఎక్కడ ఉంటుంది? హెర్జే కొంత నయం. టిన్‌టిన్ అనే కుర్ర విలేఖరి మీద ఆయన గీసిన సాహసాలలో బ్రిటన్‌లో జరిగే కథ ఒకటుంది. దానిని ఇంగ్లీషులో వేయబోయిన బ్రిటిష్ ప్రచురణకర్తలు అందులో 131 తప్పులు ఉన్నాయని జాబితా పంపగా, హెర్జే తన సహాయకుడు బాబ్ ద మూర్‌ను బ్రిటన్‌కు పంపించి, అక్కడి రైళ్లూ దుస్తులూ భవనాలూ చూసి గీసుకు రమ్మని, మొత్తం పుస్తకాన్ని మళ్లీ గీయించి 1966లో విడుదల చేశాడు. మావాడు ఈ ఉదంతాన్ని శిరసావహిస్తాడు. అయితే హెర్జే చేసిన పొరపాటు, ముందు పుస్తకం వేసి తరువాత పరిశోధన చేయడం. మావాడు పుస్తకం వేయకుండానే పరిశోధన చేస్తున్నాడు కాబట్టి నేటి వరకు వాడి నవలలో ఒక్క తప్పు కూడా దొర్లలేదు.

ఇక పనిచేసే పరిస్థితుల సంగతి. ఇవి కొత్త తరం గొంతెమ్మ కోర్కెలని నిష్ఠూరమాడే పెద్దలు, మన ఆంధ్ర కవితాపితామహుడి పేరు మీద ప్రచారంలో ఉన్న చాటువును ఒకసారి గుర్తు చేసుకోవాలి. నిరుపహతి స్థలం, కప్పుర విడెం, ఇంపయిన భోజనం, ఉయ్యల మంచం, రసజ్ఞులు, ఊహ తెలిసిన లేఖక పాఠకులు లేనిదే ఊరకే కృతులు రచించమంటే శక్యమా అని పెద్దన అడగలేదా? మావాడు అడిగినది ఇంతకు మించి ఏమీ లేదు. కప్పుర విడెం స్థానంలో కోల్డ్ బ్రూ, ఉయ్యల మంచం స్థానంలో నడుము నొప్పి రానివ్వని కుర్చీ, రసజ్ఞుల స్థానంలో ఫాలోయర్లు. నిరుపహతి స్థలం ఒక్కటే నేను సమకూర్చలేకపోయాను, ఎందుకంటే పక్క స్థలంలో బోరు వేస్తున్నారు. పెద్దన మాత్రం ఇవన్నీ అమరగానే తొందరపడి మనుచరిత్ర రాసేశాడు.

ఈ ప్రక్రియకు శాస్త్రాధారం కూడా ఉంది. అమెరికా చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే 1993లో ఒక పుస్తకం వెలువరించి, రెండు ప్యానెళ్ల నడుమ ఉండే ఖాళీలోనే అసలు మాయ జరుగుతుందని, మొదటి బొమ్మకూ రెండో బొమ్మకూ మధ్య ఏమి జరిగిందో పాఠకుడే తన మనసులో పూరించుకుంటాడని చక్కగా నిరూపించాడు. ఆ ఖాళీని గట్టర్ అంటారు. మావాడు ఈ సిద్ధాంతాన్ని దాని పరాకాష్ఠకు తీసుకువెళ్లాడు. రెండో ప్యానెల్ ఇంకా వేయలేదు కాబట్టి పద్నాలుగు నెలలుగా వాడూ, నేనూ, ఇంటి అద్దె పెంచమని పోరు పెడుతున్న నా భార్యా అందరమూ గట్టర్‌లోనే ఉన్నాము. ఇదే మెక్‌క్లౌడ్ 1990లో 24 గంటల్లో 24 పేజీల కామిక్ పూర్తి చేయాలన్న పందెం మొదలుపెట్టాడని నేను ఒకనాడు ప్రస్తావించగా, మహనీయుల యౌవన చాపల్యాలను పట్టించుకోరాదని వాడు హితవు చెప్పాడు.

అక్టోబరు నెలంతా రోజుకొక సిరా బొమ్మ వేసే ఇంక్‌టోబర్ వ్రతం కూడా వాడు పడతాడు. 2009లో జేక్ పార్కర్ అనే చిత్రకారుడు ప్రారంభించిన ఈ వ్రతానికి మావాడు ఏటా సెప్టెంబరులోనే సంకల్పం చెప్పి, కలాలు కొని, కొన్న కలాలకు ఫొటో తీసి, నాలుగో రోజున వ్రతభంగం చేస్తాడు. కలాలు మాత్రం బాగుంటాయి.

అడిగిన క్షణంలో బొమ్మ వేసి ఇచ్చే యంత్రాలు వచ్చాక చిత్రకారుడి గతి ఏమిటని కొందరు బెంగపడుతున్నారు. నాకు ఆ బెంగ లేదు. ఏ యంత్రమైనా బొమ్మ వేయగలదు. మూడేళ్ల పాటు నిష్ఠగా బొమ్మ వేయకుండా ఉండగలిగేది మనిషి మాత్రమే.

వ్యాసం ఇక్కడితో ముగించవలసింది, కాని పోయిన ఆదివారం అనంతపురం నుంచి మా అక్కయ్య, అంటే వాడి తల్లి, వచ్చింది. ఆమె ట్రంకు పెట్టెలో బైండు చేసిన పాత చందమామలు ఉంటాయి. 1952లో మద్రాసులో ఆ పత్రికలో చేరిన శంకర్, విక్రమార్కుడు భుజాన శవంతోనూ చేత కత్తితోనూ నడిచే ఆ శ్మశానాన్ని ఎన్ని కోట్ల పిల్లల కళ్లలో నాటాడో లెక్క లేదు. తెలుగు పిల్లలకూ తమిళ పిల్లలకూ కన్నడ పిల్లలకూ అదే బొమ్మ. మావాడు ఆ సంపుటాల మీద బోర్లా పడుకునే అక్షరాలు కూడబలుక్కున్నాడు. ఈ మాట మాత్రం ఇందిరానగర్‌లో చెప్పలేదు.

వాడు ఐప్యాడ్ తల్లి చేతిలో పెట్టి, వానలో ఆ చెట్టు కొమ్మల వంపు పూర్తిగా మోబియస్ ప్రభావమని వివరించాడు. అక్కయ్య కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. నేను సైగ చేసినా లెక్కచేయకుండా, "ఇది బేతాళుడి చెట్టు కదరా, ఊడలతో సహా అట్లాగే వేసినావు" అని మురిసిపోయింది.

ఆమె మౌనం అట్లా భంగం కాగానే, పద్నాలుగు నెలలుగా దాదాపు పూర్తయి ఉన్న మొదటి ప్యానెల్, బస్సుతో సహా మాయమై, తిరిగి చెట్టెక్కింది.