అది జలుబు కాదు టీచర్ గారూ

ఇప్పుడే మావోణ్ణి బడి నుంచి తీసుకొచ్చా. కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. మూడో పీరియడ్‌లో ఫోన్. "మేడం, బాబుకు బాగా జలుబుంది, మిగతా పిల్లలకు అంటుకుంటుంది, వచ్చి తీసుకెళ్లండి." వెళ్తే, పదేళ్ల పిల్లాడు చెప్పుల స్టాండు పక్కన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో ముక్కు పైకి రుద్దుకుంటున్నాడు. నన్ను చూడగానే అన్న మాట: "అమ్మా, ఆపుకుందామనే చూసిన."

అలర్జీ అండీ, ఎవరికీ అంటదు అని జూన్‌లోనే చెప్పా. డాక్టరు చీటీ జిరాక్స్ కూడా ఇచ్చా. ఆ కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు.

వానలు తగ్గి ఎండ కాసిందంటే వాడికి మొదలు. లేవగానే వరుసగా పది, పన్నెండు తుమ్ములు. ముక్కు నీళ్లలా కారుతుంది, జ్వరం ఉండదు. కళ్లు దురద, అంగిలి దురద. జలుబైతే వారం, పది రోజుల్లో పోతుంది. ఇది దీపావళి దాటినా పోదు. రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా గీత పడింది. కళ్ల కింద నలుపు చూసి పోయినేడు ఇంకో టీచరు "రాత్రిళ్లు ఫోన్ చూస్తాడా?" అని అడిగింది. ముక్కు బిగుసుకుని నోటితో ఊపిరి పీల్చే పిల్లాడికి నిద్ర ఎక్కడిది తల్లీ!

దీన్ని ఒకరు సైనస్ అంటారు, ఒకరు ఈస్నోఫిలియా అంటారు. మా అత్తమ్మ పెరుగన్నం మాన్పించమంటుంది. దీని అసలు పేరు హే ఫీవర్, అంటే పుప్పొడి అలర్జీ. దానికి కారణం పుప్పొడి అని చార్లెస్ బ్లాక్లీ అనే ఇంగ్లండు డాక్టరు తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1873లోనే పుస్తకం రాశాడు. 150 ఏళ్లు దాటింది. మా బడిలో ఇంకా "ఐస్‌క్రీం తిన్నాడా?" దగ్గరే ఉన్నారు.

మెడికల్ షాపాయన యాంటీబయాటిక్ ఇచ్చాడు. పుప్పొడికి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? దానితో పాటు ముక్కు దిబ్బడకు వేసే చుక్కలు. వేసిన పది నిమిషాలకే ముక్కు తెరుచుకుంటుంటే మూడు వారాలు వేశా. అవి ఐదు రోజులు దాటితే ముక్కు ఇంకా బిగుసుకుపోతుందని అమ్మినాయన ఒక్క మాట చెప్పలేదు. చివరికి ఈఎన్‌టీ డాక్టరు ముక్కులో కొట్టే స్ప్రే రాశారు. తుమ్ములు వచ్చినప్పుడే కాదు, సీజనంతా రోజూ కొట్టాలి. స్ప్రే మొన ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపుకు తిప్పి కొట్టాలి. పూర్తి గుణం కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది. అలర్జీ మాత్ర అయితే మత్తు తక్కువుండేది అడిగి తీసుకోండి, పాత రకాలతో పిల్లలు క్లాసులో తూగుతారు. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో ముక్కు కడుగుతున్నా. బడి నుంచి రాగానే మొహం కడిగి బట్టలు మారుస్తున్నా. పుప్పొడి అంటుకుంటుందని దుప్పట్లు మేడ మీద ఆరేయడం మానేశా.

ఇన్ని చేసి కిటికీ తీస్తే ఎదురుగా ఏముంది? ఖాళీ ప్లాటు నిండా నడుము ఎత్తు వయ్యారిభామ గడ్డి, అదే పార్థీనియం. హనుమకొండలో మా కాలనీ ఒక్కటే కాదు, కాజీపేట వైపు ఏ ఖాళీ జాగా చూసినా అదే. 1950లలో విదేశీ గోధుమలతో వచ్చిందంటారు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. ప్లాటు ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. గజం ధర అడగడానికి నెలకోసారి ఫోన్ చేస్తాడు కానీ, గడ్డి పీకించమంటే "చూద్దాం అక్కా" అంటాడు. ఆరేళ్ల నుంచి చూస్తున్నాడు.

ఈ గడ్డి మీద నా పగ ఇవాళ్టిది కాదు. మా నాన్న పర్కాల దగ్గర పత్తి చేన్లో ఏళ్ల తరబడి దీన్ని ఉత్త చేతులతో పీకాడు. మెడ, మొహం, మోచేతులు నల్లబడి, తోలు మందమై పగిలింది. ఎండలోకి వెళ్తే మంట. ఊళ్లో కుష్టు అన్నారు. హోటల్లో చాయ్ విడిగా డిస్పోజబుల్ గ్లాసులో ఇచ్చారు. పెళ్లి పిలుపులు తగ్గాయి. గడ్డి వల్ల వచ్చిన అలర్జీ అని, ఎవరికీ అంటదని డాక్టరు చెప్పేసరికి నాలుగేళ్లు. అప్పటికి ఆయన బజారుకు పోవడమే మానేశాడు. ఇవాళ చెప్పుల స్టాండు పక్కన నాకు కనబడింది నా కొడుకు ఒక్కడే కాదు.

రేపు పొద్దున ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంటా, కొత్త జిరాక్స్ పట్టుకుని. క్లాసులో వాడి బెంచీ వాడికిచ్చేదాకా లేవను.

ఆదివారం ఆరింటికి ప్లాటులోకి దిగుతున్నా. గ్లౌజులు, మాస్కు, నిండు చేతుల చొక్కా లేకుండా ఎవరూ రావద్దు. పూత మీదున్నది కదిలిస్తే పుప్పొడి ఇంకా లేస్తుంది కాబట్టి, ఆ ముందు రోజే మావోణ్ణి మా అక్క వాళ్లింటికి పంపిస్తున్నా.