పదివేల రన్లలో ఒక్క ఢీ లేదంటే ఆకాశం భద్రమని కాదు

డ్రోన్ డెలివరీ కావచ్చు, ఎయిర్ ట్యాక్సీ కావచ్చు, ఈమధ్య ప్రెజెంటేషన్లలో ఒక స్లైడ్ మామూలైపోయింది: "సిమ్యులేషన్‌లో 10,000 సార్లు నడిపి చూశాం, ఒక్కసారి కూడా ఢీకొనలేదు." దయచేసి ఆ స్లైడ్ చూసి సంతకాలు పెట్టకండి. 10,000 రన్లలో సున్నా వస్తే 95 శాతం ధీమాతో చెప్పగలిగేది ఒక్కటే: ప్రమాదం అవకాశం 10,000కి 3కి మించదు. అంతే. అదే 29,000 అడుగుల పైన విమానాల మధ్య నిలువు ఎడం వెయ్యి అడుగులకు తగ్గించినప్పుడు పెట్టుకున్న హద్దు చూడండి: వంద కోట్ల ఫ్లైట్ గంటలకు 5 ప్రాణాంతక ప్రమాదాలు. ఉత్త రన్లతో దీన్ని నిరూపించాలంటే ఒక్క ఢీ లేకుండా 60 కోట్ల గంటలు నడపాలి.

అందుకే పని తెలిసినవాళ్లు దశలుగా విడగొడతారు. రెండు విమానాలు 5 నాటికల్ మైళ్ల లోపుకు వచ్చిన సందర్భాలన్నీ పక్కకు తీసి, అక్కణ్ణుంచి మళ్లీ వేల రన్లు నడుపుతారు. వాటిలో 3 మైళ్ల లోపుకు వచ్చినవి, ఆ తర్వాత 1 మైలు, ఆ తర్వాత 500 అడుగులు. ఒక్కో దశ సంభావ్యతను గుణించుకుంటూ పోతే అరుదైన ఘటనకు కూడా అంచనా దొరుకుతుంది. పద్ధతి మంచిదే, కానీ లోపల పోసిన డేటా తప్పయితే ఇదీ కాపాడదు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ కొట్టేది ఎత్తు. హైదరాబాద్‌నే తీసుకోండి. ఏడీఎస్-బీలో (విమానం తన స్థానాన్ని తానే రేడియోలో ప్రసారం చేసే వ్యవస్థ) విమానం పంపే బారోమెట్రిక్ ఎత్తు, అంటే గాలి పీడనాన్ని బట్టి కట్టే ఎత్తు, 1013.25 హెక్టోపాస్కల్ ప్రామాణిక పీడనం మీద లెక్కకట్టింది. వానాకాలంలో ఇక్కడ క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కకట్టిన ఆ రోజు పీడనం) 1004 దగ్గరుండే రోజులు మామూలే. తేడా 9, ఒక్కో హెక్టోపాస్కల్‌కి సుమారు 28 అడుగులు. అంటే విమానం ఉన్నదానికంటే దాదాపు 250 అడుగులు పైన ఉన్నట్టు ఫైల్లో పడుతుంది. మరోవైపు డ్రోన్ జీపీఎస్ ఇచ్చే ముడి ఎత్తు ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో గీసిన నున్నటి ఆకారం) నుంచి కొలిచింది. మన ప్రాంతంలో సముద్రమట్టపు ఉపరితలం ఎలిప్సాయిడ్ కంటే సుమారు 75 మీటర్లు కింద ఉంటుంది కాబట్టి, డ్రోన్ ఇంకో 250 అడుగులు కింద ఉన్నట్టు కనబడుతుంది. ఈ రెండు ఫైళ్లనీ సరిచేయకుండా కలిపేస్తే, నిజంగా ఒకే ఎత్తులో ఉన్న విమానానికీ డ్రోన్‌కీ మధ్య స్క్రీన్ మీద 500 అడుగుల ఖాళీ కనిపిస్తుంది! రెండు తప్పులూ ప్రమాదాన్ని దాచే వైపే పోతున్నాయి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం విమానాశ్రయ సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయగలిగే ఆకాశం) 200 అడుగుల వరకే. ఆ పరిమితి కంటే మన లెక్క తప్పే రెండున్నర రెట్లు పెద్దది.

ఇది కాగితం మీది భయం కాదు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానం, ఆర్మీ హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయారు. అప్పట్లో అక్కడ హెలికాప్టర్ దారికి గరిష్ఠ ఎత్తు 200 అడుగులు, దాని మీదుగా 33 నంబరు రన్‌వేకి దిగే విమానాల దారి. రెంటి మధ్య ఎడం ఒకచోట 75 అడుగులు మాత్రమే. తర్వాత దర్యాప్తులో అలాంటి హెలికాప్టర్లనే ఎగరేసి చూస్తే ఆల్టిమీటర్లు (ఎత్తు చూపే మీటర్లు) 80 నుంచి 130 అడుగుల తేడా చూపించాయి. చార్టు మీది అంకెల్ని ఉన్నదున్నట్టు సిమ్యులేషన్‌లో పెడితే 75 అడుగుల ఎడం ఎప్పటికీ చెదరదు, ఫలితం ఎప్పుడూ పచ్చగానే వస్తుంది. ఆల్టిమీటర్ తప్పుని ఒక్కో రన్‌లో ఒక్కోలా మారే పంపిణీగా పోసి ఉంటే మొదటి రోజే ఎర్రబడేది. 2021 అక్టోబర్ నుంచి 2024 డిసెంబర్ వరకు అక్కడ ఒక మైలు లోపు, 400 అడుగుల లోపు దగ్గరికొచ్చిన సందర్భాలు 15,214 రికార్డుల్లోనే ఉన్నాయి. డేటా ఉండి కూడా ఎవరూ సమయానికి నడిపి చూడకపోవడం తలుచుకుంటే కడుపు మండుతుంది.

మనుషుల సంగతి కూడా అంతే. టీక్యాస్ (ఎదురు విమానం దగ్గరికొస్తే ఎక్కమనో దిగమనో చెప్పే కాక్‌పిట్ పరికరం) హెచ్చరికకు పైలట్ 5 సెకన్లలో స్పందిస్తాడని మోడల్లో స్థిరంగా రాసేస్తారు. 2002లో జర్మనీలోని ఉబర్లింగన్ దగ్గర ఒక విమానం టీక్యాస్ చెప్పినట్టు దిగింది, రెండోది కింద నుంచి దారి చెప్పే ట్రాఫిక్ కంట్రోలర్ మాట విని అదీ దిగింది. 71 మంది ప్రాణాలు పోయాయి. పాటించని పైలట్, ఆలస్యంగా పాటించే పైలట్, ఒకేసారి ఇద్దరు మాట్లాడి రేడియోలో ఎవరి మాటా వినపడని క్షణం, ఇవన్నీ మోడల్లో ఉండాలి. పైగా ఇవి విడివిడిగా రావు. మే నెల సాయంత్రం క్యుములోనింబస్ ఉరుముల మేఘాలు కమ్మితే అందరూ ఒకే సందులోంచి దారి అడుగుతారు, ఫ్రీక్వెన్సీ కిక్కిరిసిపోతుంది, కంట్రోలర్ అలసట అప్పుడే పెరుగుతుంది. వెయ్యికి ఒకటి, వెయ్యికి ఒకటి అని గుణించి పది లక్షలకు ఒకటి అనడం ఇక్కడ చెల్లదు.

ఎండ కూడా మరిచిపోతారు. శంషాబాద్ ఎత్తు 2,024 అడుగులు. 42 డిగ్రీల మధ్యాహ్నం డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు) 5,700 అడుగుల దగ్గరకు పోతుంది. స్పీడ్ మీటర్‌లో 140 నాట్లంటే గాలిలో అసలు వేగం 152 దాకా ఉంటుంది, పైకెక్కే రేటు పడిపోతుంది. ప్రామాణిక వాతావరణం డిఫాల్ట్‌గా వదిలేస్తే ఇవేవీ కనిపించవు.

బేగంపేటలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారి సివిల్ ఏవియేషన్ రీసెర్చ్ ఆర్గనైజేషన్ ఉంది, డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్ల బ్లూస్కై సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. సాధనాలు లేవనడానికి లేదు. ఇకపై ఎవరైనా ఫలితాలు చూపిస్తే ముందు అడగాల్సింది ఒక నెల డేటా. పదకొండు నెలలతో మోడల్ కట్టండి, పన్నెండో నెల దాచిపెట్టండి. ఆ నెలలో ఎన్ని జతలు 3 మైళ్ల లోపు వచ్చాయో, 1 మైలు లోపు ఎన్నో మోడల్ ముందే చెప్పాలి, రాడార్ రికార్డుతో పక్కపక్కన పెట్టాలి. దాచే నెల జులైనో మేనో అయితే మరీ మంచిది. హకీంపేట, దుండిగల్ వైమానిక దళ శిక్షణ విమానాలు పబ్లిక్ ఏడీఎస్-బీ డేటాలో చాలావరకు కనిపించవు కాబట్టి, వాటిని ఎక్కణ్ణుంచి తెచ్చి పోశారో కూడా అదే కాగితం మీద రాయించుకోండి.