ఎం.ఆర్.ఐ. యంత్రం నుదుట వెలసిన కుంకుమ బొట్టు గారికి

బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ కుంకుమ బొట్టు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని ఉత్తరం మొదలుపెట్టడం మా తరానికి అలవాటు. తమరు కుశలంగా ఉన్నారని నేను కళ్లారా చూసి వచ్చాను. నా కుశలం మాత్రం మరో మూడు నెలలకు గానీ తేలదని తమరు అధిష్ఠించిన యంత్రమే రాతపూర్వకంగా సెలవిచ్చింది. అందువల్ల దీనిని ఏకకుశలోపరి అని ప్రారంభించవలసి వస్తోంది, మన్నించండి.

జూన్ నెలలో ఒక ఉదయం కళ్లద్దాలు, గడియారం, తాళాల గుత్తి బయట పెట్టించి, నన్ను బల్ల మీద పడుకోబెట్టి సొరంగంలోకి నెట్టినప్పుడు, ఆ సొరంగ ద్వారానికి జానెడు పైన, గంధపు చుక్క నడుమ తమరు దర్శనమిచ్చారు. అద్దాలు లేకపోయినా తమరిని పోల్చుకున్నాను. ముప్ఫై నాలుగేళ్లు ఇదే ఊళ్లో భౌతికశాస్త్రం బోధించినవాణ్ని కనుక, తమరిని ఇంతకు పూర్వం జనరేటరు మీద, మోటారు పంపు మీద, కళాశాల ప్రయోగశాలలోని వోల్టేజి స్టెబిలైజరు మీద కూడా చూసి, ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచిన పాపం నాదే. తుడవడానికి వీల్లేని భంగిమలో తమరికి ఎదురుపడటం మాత్రం అదే మొదలు.

తమరు కూర్చున్న ఆ తెల్లని తొడుగు వెనుక ఏముందో తమరికి ఎవరూ చెప్పి ఉండరు. అక్కడ కరెంటును ఏ అడ్డూ లేకుండా పారనిచ్చే ఒక అతివాహక తీగచుట్ట ద్రవ హీలియంలో మునిగి, సున్నాకు దిగువన 269 డిగ్రీల చలిలో పగలూ రాత్రీ పని చేస్తూ ఉంటుంది. దాని అయస్కాంత క్షేత్రం 1.5 టెస్లాలు, అంటే దిక్సూచి ముల్లును ఉత్తర దక్షిణాలకు తిప్పే భూమాత అయస్కాంత శక్తికి దాదాపు 30,000 రెట్లు. ఆ క్షేత్రంలో పడుకున్న నా ఒంటి నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకు ఆరు కోట్ల ముప్ఫై లక్షలకు పైగా సార్లు బొంగరాల్లా తూలుతుంటే, ఆ తూలుడు నుంచి యంత్రం బొమ్మలు గీస్తుంది. మానవుడు కనిపెట్టిన అద్భుతాలలో ఇదొకటని నేను పాఠం చెప్పేవాణ్ని. ఆ అద్భుతం నుదుట తమరు! పసుపులోని పదార్థానికి సున్నం తగిలితే ఎర్రబడుతుందనే చిన్న రసాయన చర్య తప్ప తమరిలో వేరే రహస్యం లేదని కూడా అదే తరగతిలో చెప్పేవాణ్ని. పిల్లలు రెండూ రాసుకుని, పరీక్షనాడు తమరిని పెట్టుకునే వచ్చేవారు.

ఆ యంత్రాన్ని ప్రతిష్ఠించిన రోజు కథను నా పాత విద్యార్థి, ఇప్పుడు అక్కడ సాంకేతిక నిపుణుడు, నాకు వినిపించాడు. పురోహితుణ్ని గదిలోకి పంపే ముందు నడుము దగ్గరి తాళాలు తీయించారట, గంటను గడప అవతలే ఉంచారట, హారతి పళ్లెం ఇనుముది కాదు ఇత్తడిదేనని పరీక్షించి మరీ లోపలికి అనుమతించారట. కొబ్బరికాయ కొట్టే కత్తి ఆ గది ఛాయలకే రాలేదు. అయస్కాంత నియమాలను అంత మడిగా పాటించిన శిష్యుడు నా ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కడూ దొరకలేదు.

మా సరిహద్దులో తమరికి ఉన్న వైభవం మరెక్కడా ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై ఈ ప్రాంతం మద్రాసు నుంచి విడిపోయినప్పుడు, భాష, బడి, కచేరీ అన్నిటి విషయంలోనూ తగాదాలు వచ్చాయి గానీ, తమరి విషయంలో రాలేదు. ఒడియావారు సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు యంత్రాలకు తమరిని పెడతారు. తెలుగువారు దసరాకు ఆయుధపూజలో పెడతారు. బరంపురంలో యంత్రం కొన్నవాడు ఏ పక్షాన్నీ నొప్పించలేక రెండూ చేస్తాడు. కనుక ఇతర ప్రాంతాల యంత్రాలు ఏడాదికి ఒక బొట్టుతో పని చేస్తుంటే, మావి రెండు బొట్లతో చేస్తున్నాయి. అయినా కరెంటు పోయే విషయంలో తేడా ఏమీ కనిపించలేదు. ఒక చిత్రం కూడా మనవి చేయాలి. చాలా పండుగలు తిథులతో అటూ ఇటూ జరుగుతుంటే విశ్వకర్మ పూజ మాత్రం ఏటా దాదాపు అదే తేదీన రావడానికి కారణం, అది సూర్యుడు కన్యారాశిలో ప్రవేశించే దినం కావడం. ఆ లెక్క ఖగోళ గణితం. ఇదే ఒడిశాలో ఖండపడా సంస్థానానికి చెందిన ఖగోళవేత్త పఠాణి సామంత దూరదర్శిని లేకుండా, వెదురు గొట్టాలతో, చెక్క పరికరాలతో ఆకాశాన్ని కొలిచి సవరించిన గణితం మీదే ఒడియా పంచాంగాలు నిలబడ్డాయి. అంటే తమరిని ఏ రోజు పెట్టాలో కూడా శాస్త్రమే చెప్పవలసి వచ్చింది. ఇందులో ఎవరు ఎవరికి ఊడిగం చేస్తున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా జీవితమంతా ఒక సిద్ధాంతాన్ని నమ్మాను. తక్కెడలో ఒక పళ్లెం విజ్ఞానం, మరో పళ్లెం తమరు. ఒకటి బరువెక్కితే రెండోది పైకి లేచిపోతుంది. 1976లో రాజ్యాంగంలోని 51ఎ అధికరణంలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అని చేర్చినప్పుడు నేను ఇంటర్మీడియట్ కుర్రవాణ్ని; ఆ వాక్యం మీద వక్తృత్వ పోటీలో బహుమతిగా స్టీలు గ్లాసు అందుకున్నాను. 1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయని జనం బారులు తీరినప్పుడు, మా వీధి అరుగు మీద రుబ్బురోలు పొత్రాన్ని నిలబెట్టి, అదే చెంచాతో దానికీ పాలు తాగించాను; తలతన్యత అంటే ఏమిటో, పాలు రాతి మీదుగా పలుచని పొరలా ఎలా జారిపోతాయో చెమటలు పట్టేలా వివరించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. మర్నాడు ఉదయం చూస్తే ఆ పొత్రానికి బొట్టు పెట్టి ఉంది. తమరే.

అప్పుడు నా తక్కెడను అనుమానించవలసింది, జనాన్ని అనుమానించాను. చదువు చాలలేదన్నాను. అయితే 2023 జూలైలో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాను తిరుమలకు తీసుకువెళ్లినవారికి చదువు చాలలేదనడానికి నా నోరు రాలేదు. ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతం దగ్గర వ్యోమనౌకను దించినవారు వాళ్లే. 2019లో అంతకు ముందటి ల్యాండరు చివరి క్షణాల్లో కూలిపోవడాన్ని చూసినవారూ వాళ్లే. లెక్క ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వారికంటె బాగా తెలిసినవారు ఎవరు? ఆ ఆగిపోయిన చోట నుంచి తమరి రాజ్యం మొదలవుతుందని నాకు అప్పుడు అస్పష్టంగా తోచింది గానీ, పదవీ విరమణ పొందిన అధ్యాపకుడు అభిప్రాయం మార్చుకుంటే పింఛను ఆగిపోతుందేమోనన్నట్లు పట్టుదలగా కూర్చున్నాను.

గోపాలపురం తీరాన ఒడియావారు నోళియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులు ఈ సంగతి నాకంటె ముందే గ్రహించారు. హైదరాబాదులోని మహాసముద్ర సమాచార కేంద్రం ఉపగ్రహాల ద్వారా నీటి వేడిమిని, పచ్చదనాన్ని కొలిచి చేప దొరికే చోటు చెబితే వారు వింటారు. బోటులో జీపీఎస్ పెట్టుకుంటారు. దాని ముందు కొస అయిన అణియం మీద తమరినీ పెట్టుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో గడిపిన మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒక విషయం గమనించాడు: లోతులేని మడుగులో చేప పట్టేటప్పుడు అక్కడివారు మంత్రతంత్రాల జోలికి పోరు, ప్రాణాపాయం ఉన్న నడిసముద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం మంత్రాలు బారెడు. ఈ సూత్రాన్ని మా జిల్లాకు అన్వయిద్దామని ఉత్సాహపడ్డాను. చిలికా సరస్సులోనూ కాళీజాయి అమ్మవారు ఉన్నారే, అది మడుగేగా అని మా ఆవిడ అడిగింది. పెళ్లికూతురు పడవ మునిగి చనిపోయి దేవత అయిందని అక్కడి కథ. మడుగు కూడా మనిషిని ముంచగలదు కాబట్టి సిద్ధాంతం చెడలేదని సర్ది చెప్పుకున్నాను. అలా సర్ది చెప్పుకోవడం తమరి భక్తుల లక్షణమని తరువాత స్ఫురించింది.

2013 అక్టోబరు 12 రాత్రి, దసరా రోజుల్లో, ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపాను ఇదే రాష్ట్రంలో దాదాపు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఈసారి ముందే అంచనా వేసి, లక్షల మందిని తీరం నుంచి తరలించడం వల్ల మృతుల సంఖ్య రెండంకెలు దాటలేదు. ఇంతకంటె పెద్ద గెలుపు మా శాస్త్రానికి ఏముంటుంది? ఆ ధీమాతో ఒక ముసలి మత్స్యకారుణ్ని, నిన్ను కాపాడింది ఎవరని అడిగాను. “టీవీవోళ్లు చెప్పారు బాబూ, గంగమ్మ తల్లి మా చెవిని పడేట్టు చేసింది” అన్నాడు. ఉపగ్రహం పని ఉపగ్రహానికి, అమ్మవారి పని అమ్మవారికి పంచి ఇచ్చాడు. నిజానికి ఆయన ఉపగ్రహాన్ని ఎన్నడూ చూడలేదు, గంగమ్మనూ చూడలేదు. రెండింటి గురించీ తాను గౌరవించేవారు చెబితే విన్నాడు. హీలియం చలిని చేతితో తాకి చూసిన అనుభవం నాకు మాత్రం ఎక్కడిది?

ఇప్పుడు అసలు ఫిర్యాదు. యంత్రం నా నడుము ఎముకలో ఒక మచ్చ ఉందని చెప్పింది. తమరు యంత్రం నుదుట గుండ్రంగా ఉన్నట్లే అది నా వెన్నులో గుండ్రంగా ఉంది. “బహుశా హానికరం కాకపోవచ్చు, వైద్యపరంగా పోల్చి చూడవలెను, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించవలెను” అని నివేదిక. ఇది నిజాయితీ గల వాక్యమని, తెలిసినంతే చెప్పడం శాస్త్రం గొప్పతనమని నేనే వేలమందికి చెప్పాను. ఆ “బహుశా” నా మంచం పక్కన పడుకునేదాకా దాని బరువు తెలియలేదు. మూడు నెలల పాటు నేను చేయవలసిన పని ఏమిటని వైద్యుణ్ని అడిగితే, ఏమీ లేదు, మామూలుగా ఉండండి అన్నారు. మామూలుగా ఉండటానికి నాకేమీ సూత్రం తెలియదు.

మా ఆవిడకు మాత్రం ఆ సాయంత్రమే పని దొరికింది. మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి గుడికి వెళ్లి మొక్కుకుని, తేలికగా ఊపిరి పీల్చుకుంటూ వచ్చింది. రెండేళ్లకొకసారి దేరా అనే నేతవారి కులపెద్ద దేశిబెహెరా ఇంటికి అమ్మవారు కూతురు పుట్టింటికి వచ్చినట్లు వచ్చే జాతరలో, మచ్చ మంచిదేనని తేలితే, పులి వేషం కట్టిస్తానని మొక్కు. ఎవరి చేత అని అడగనవసరం లేదు. అరవై ఏడేళ్ల భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఒళ్లంతా పసుపు రంగు, చారలు, వెనుక తోకతో, డప్పుల మధ్య పాత బరంపురం వీధుల్లో గెంతాలి. సుఖవార్త కోసం నేను పెట్టుకోవలసిన ఆశను ఇంత ప్రమాదకరం చేసిన ఘనత తమరిదీ, తమరి అమ్మవారిదీ.

తమరి వ్యాపార నీతి మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. నయమైతే పేరు తమరిది. నయం కాకపోతే తప్పు మొక్కు తీర్చని భక్తుడిది. మా శాస్త్రంలో ఇలా నడవదు. లెక్క తప్పితే లెక్కనే కొట్టేస్తాం. పైగా తమరి జ్ఞాతులు తమరంత సాధువులు కారు. నవరంగపురం, కొరాపుట్ వైపు కడుపునొప్పితో ఏడ్చే పసివాళ్ల పొట్ట మీద కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవాడు తమరి పేరే చెప్పుకుంటాడు. మంత్రగత్తె అని ముద్ర వేసి మనిషిని చంపకుండా ఉండటానికి 2013లో ఈ రాష్ట్రం ప్రత్యేకంగా చట్టమే చేసుకోవలసి వచ్చింది. యంత్రం పక్కన వినయంగా కూర్చున్న తమరిని నేను సహించగలను. యంత్రం దాకా రానివ్వని వారిని సహించలేను. ఈ మాట తమరు వారికి చేరవేయాలి. నేను చెబితే వినరు, ముప్ఫై నాలుగేళ్లుగా చూస్తున్నాను.

నా రెండో పరీక్ష సెప్టెంబరు 18న. అంటే విశ్వకర్మ పూజకు మర్నాడు. తమరు అప్పటికి కొత్తగా, తాజాగా ఉంటారు. ఆ తేదీ నేను ఎంచుకోలేదు. మూడు తేదీలు ఇస్తే మా ఆవిడ ఫోనులో ఎంచుకుంది. కిందటిసారి తమరి ఎడమ అంచు చెదిరి ఉందని, ఈసారి గంధం పూర్తిగా ఆరాకే కుంకుమ పెట్టమని ఆ సాంకేతిక నిపుణుడికి చెప్పమంది.

చెప్పాను.

ఇట్లు,
తమరిని ఇన్నాళ్లూ తడిగుడ్డతో తుడిచిన
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు