రక్తదానానికి తేదీ ఎవరు పెట్టాలి?

నాయకుల పుట్టినరోజు వచ్చిందంటే విశాఖలో రక్తదాన శిబిరాల టెంట్లు లేస్తాయి. దాతల మంచిమనసును శంకించే పనిలేదు. మా అభ్యంతరమల్లా ఆ తేదీతోనే. 1920 నాటి చట్టంతో ఏర్పడిన ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ అయినా, మరే రక్తనిధి అయినా, ఒక్కరోజులో వచ్చిపడిన రక్తాన్ని నెలల తరబడి దాచలేదు.

రక్తం గడ్డకట్టకుండా కాపాడే సీపీడీఏ ద్రావణం ఉన్న సంచిలో రక్తం 2 నుంచి 6 డిగ్రీల వద్ద 35 రోజులు నిలుస్తుంది. ఎర్రకణాలను వేరుచేసి పోషక ద్రావణం కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లకు ఫ్రిజ్ పనికిరాదు. 20–24 డిగ్రీల్లో, ఆగకుండా ఊపే యంత్రం మీద ఉంచినా 5 రోజులే. ఒకే ఆదివారం 300 మంది ఇచ్చారనుకోండి. ఆరు వారాలు దాటాక మిగిలిన రక్తం, ఎర్రకణాలు పారబోయాల్సిందే. ఆ దాతల్లో మగవారు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. ఈలోగా విద్యార్థి దాతలకు పరీక్షలు, సెలవులు, ఖాళీ హాస్టళ్లు. వేసవిలో ఆసుపత్రి వరండాల్లో బంధువులు ఫోన్లు పట్టుకుని దాతల కోసం వెతుక్కునేది అందుకే. పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మన్యంలో సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) బాధితులున్నారు. వారి అవసరం ఏ నెలలోనూ తగ్గదు.

వానాకాలం డెంగీతో ప్లేట్‌లెట్లకు గిరాకీ పెరుగుతుంది. అప్పుడు శిబిరం ఎంత దూరమన్నదీ లెక్కే. సేకరించిన ఆరు గంటల్లోపు వాటిని వేరుచేయాలి, అంతవరకూ రక్తాన్ని చల్లబరచకూడదు. పాడేరు ఘాట్ దిగివచ్చే సంచులను అలవాటుకొద్దీ ఐసు పెట్టెలో పెడితే ప్లేట్‌లెట్లు దక్కవు. మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ మింగిన దాత ప్లేట్‌లెట్లూ పనికిరావు. క్యూ పెరిగితే హడావుడిలో దాటిపోయేది ‘ఆస్పిరిన్ వేసుకున్నారా’ అన్న ప్రశ్నే.

రెడ్‌క్రాస్ జిల్లా శాఖకు కలెక్టరే అధ్యక్షులు. గ్రూపులవారీ నిల్వలు చూసి శిబిరాల తేదీలు ఖరారు చేయించే బాధ్యత వారు తీసుకోవాలి. అభిమాన సంఘాలు పుట్టినరోజున 300 మంది పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు రాసివ్వాలి. అరుదైన ‘ఓ-నెగెటివ్’ గ్రూపు వారిని పక్కన ఉంచి, పిలిచినప్పుడే పంపాలి. మిగిలినవారు మార్చి చివరి నుంచి వారానికి 25 మంది చొప్పున వెళితే వేసవి గట్టెక్కుతుంది. పన్నెండో వారం జట్టు వచ్చేసరికి మొదటి జట్టులోని మగవారికి 90 రోజుల గడువు దగ్గరపడుతుంది.