అర, పావు, పరక, వీసం: అయోడిన్ మందుకు మన భాషలో లెక్క

మా మేనత్త మూడు నెలలు పెరట్లోని పాకలో పడుకుంది. థైరాయిడ్ క్యాన్సర్ అని తేలాక ఆ గ్రంథిని తీసేశారు. వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజున, ఒక నగరంలోని పెద్దాసుపత్రిలో రేడియోధార్మిక అయోడిన్ క్యాప్సూల్ మింగించారు. మూడు రోజులు విడి గదిలో ఉంచి, ఇంగ్లిష్‌లో అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపించారు. ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర మా ఊళ్లో దాన్ని చదివి విడమరిచి చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు. "ఒంట్లోంచి కిరణాలు వస్తాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి" అని వార్డులో ఎవరో అన్న మాట ఒక్కటే ఇంటికి చేరింది. ఎన్నాళ్లు అన్నది చేరలేదు. రెండేళ్ల మనవడు గుమ్మంలో నిలబడి "మామ్మా" అని పిలుస్తుంటే ఆవిడ పాకలోంచే పలికేది. కంచం వేరు, చెంబు వేరు. నేను వెళ్లి ఆ కాగితం చూసేసరికి మార్గశిరం వచ్చేసింది. పిల్లలకు దూరంగా ఉండమని అందులో రాసింది పదిహేను రోజులే.

థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ లేనిదే పని జరగదు. తిండితో వచ్చినదాన్ని రక్తంలోంచి లాగి దాచుకుంటుంది. అది మామూలు అయోడినా, రేడియోధార్మిక అయోడినా అని అది తేడా చూడదు. వైద్యమంతా ఈ ఒక్క గుణం మీదే ఆధారపడింది. బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టర్ 1941 మార్చి 31న తొలిసారి ఒక థైరాయిడ్ రోగికి దీన్ని ఇచ్చారు. ఇప్పుడు చికిత్సకు వాడేది అయోడిన్-131. దాని బీటా కిరణాలు కండలో చాలావరకు రెండు మిల్లీమీటర్లు కూడా పోవు కాబట్టి, మిగిలిపోయిన థైరాయిడ్ కణాలను ఉన్నచోటే చంపుతాయి. గామా కిరణాలు మాత్రం ఒంట్లోంచి బయటకు వస్తాయి. మూత్రంలో, ఉమ్మిలో, చెమటలో కొంత మందు కూడా పోతుంది. జాగ్రత్తలు వీటి కోసమే.

యంత్రంతో ఇచ్చే రేడియేషన్ లాగే మా వైపు దీన్నీ "కరెంటు పెట్టడం" అనే అంటారు. ఆ మాట వల్ల ఇంకో నష్టం జరిగింది. బయటి నుంచి యంత్రంతో కరెంటు పెట్టించుకున్న రోగి ఒంట్లో ఏమీ మిగలదు, యంత్రం ఆపగానే కిరణాలు ఆగిపోతాయి. కానీ మా అత్తను చూశాక, రొమ్ము క్యాన్సర్‌కి అలా కరెంటు పెట్టించుకుని వచ్చిన పొరుగింటావిడ నూతి దగ్గరికి వస్తే కూడా జనం పక్కకు తప్పుకున్నారు. జబ్బుతో నలిగిపోయిన మనిషికి అది ఎంత బాధో నేను కళ్లారా చూశాను.

ఈ మందు మన జిల్లాలకు ఎందుకు రాదన్న ప్రశ్నకూ జవాబు దాని గుణంలోనే ఉంది. ముంబై దగ్గర ట్రాంబేలోని అణు రియాక్టర్‌లో టెల్లూరియం అనే పదార్థాన్ని ఉంచి దీన్ని తయారుచేస్తారు. అయోడిన్-131 సగం తగ్గడానికి పట్టేది ఎనిమిది రోజులే. స్టోర్‌లో దాచుకుని అవసరం పడినప్పుడు తీసి వాడే సరుకు కాదు. ముప్పై మిల్లీక్యూరీలకు (రేడియోధార్మికతను కొలిచే లెక్క ఇది) మించి ఇస్తే రోగిని విడి గదిలో చేర్చుకోవాలి. ఆ గదికి మందమైన గోడలు కావాలి. మరుగుదొడ్డి నీటిని వెంటనే కాలువలోకి వదలకుండా, తీవ్రత తగ్గేదాకా నిల్వ ఉంచే ట్యాంకులు కావాలి. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతీ ఉండాలి. ఈ కట్టుబాట్లు సరైనవే. వీటిని సడలించమని నేను అడగను.

నా ఫిర్యాదు ఆసుపత్రి గేటు దాటాక ఏం జరుగుతుందన్న దాని గురించి. మా అత్త గుణుపురం ప్యాసింజర్‌లో, జనరల్ బోగీలో, ఇద్దరి మధ్య ఇరుక్కుని ఇంటికొచ్చింది. ఇంటికి పంపే సమయానికి కిరణాల స్థాయి అనుమతించిన మేరకు తగ్గిందని కొలిచి చూస్తారు, కాబట్టి పక్కవాళ్లకు పెద్ద ప్రమాదమేమీ లేదు. అయినా గర్భిణి పక్కన, పసిపిల్లల పక్కన గంటల తరబడి కూర్చోకూడదని ఎవరైనా చెప్పి ఉండాల్సింది. కాగితంలోని సలహాలన్నీ విడి గది, విడి మరుగుదొడ్డి, రెండుసార్లు నొక్కడానికి ఫ్లష్ ఉన్న ఇంటికి రాసినవి. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంటికి వీటిలో ఏది ముఖ్యమో, ఏది కుదరకపోయినా ఫరవాలేదో విడిగా చెప్పాలి. చికిత్సకు ముందు కూడా ఇదే తంతు. అయోడిన్ కలిపిన ఉప్పు, సముద్రపు చేపలు రెండు వారాలు మానాలన్నది అసలు సలహా. "ఉప్పు మానేయండి" అన్నంతవరకే వీళ్లకు అర్థమైంది. ఆవిడ రెండు వారాలూ ఉప్పు లేని చోడి (రాగి) అంబలి తాగింది. అయోడిన్ కలపని ఉప్పు వేసుకోవచ్చని చెప్పినవాళ్లు లేరు.

ఇదే అయోడిన్ లెక్క లేకుండా గాలిలో కలిస్తే ఏమవుతుందో అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం చూపించింది. 1986 ఏప్రిల్ 26న రియాక్టర్ పేలాక అది గడ్డి మీద పడింది, ఆవులు మేశాయి, పాలు పిల్లలు తాగారు. అప్పట్లో పిల్లలుగా, కౌమారంలో ఉన్నవాళ్లలో 2005 నాటికి ఆరు వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి, వాటిలో చాలావాటికి ఆ పాలే కారణం. పక్కనున్న పోలండ్ రోజుల వ్యవధిలోనే సుమారు కోటి మంది పిల్లలకు మామూలు అయోడిన్ తాగించింది. గ్రంథి ముందే నిండి ఉంటే చెడ్డదానికి చోటుండదు. చెర్నోబిల్ చుట్టుపక్కల నేలల్లో అయోడిన్ తక్కువ, ఆకలిగొన్న గ్రంథులు ఆ విషాన్ని ఇంకా ఎక్కువగా లాగేసుకున్నాయి.

అందుకే ఉప్పు ప్యాకెట్ గురించి మాట్లాడాలి. మన పక్క శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ ఉలిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన పరిశోధనే, అయోడిన్ ఉప్పుతో గాయిటర్, అంటే మెడ వాపు జబ్బు, తగ్గుతుందని దేశానికి నిరూపించింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. 2006 నుంచి తినే ఉప్పుకు అయోడిన్ తప్పనిసరి, ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15) ఉండాలి. సంతలో గోనె మీద పోసి అమ్మే ఉప్పును కొలిచి చూడటం గజపతి, రాయగడ జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది మానకూడని పని.

బరంపురం వైపు వెళ్తే రేడియేషన్ అనగానే ఛత్రపురం ఇసుక మాట వస్తుంది. ఆ ఇసుకలోని మోనజైట్ ఖనిజంలో ఉన్నది థోరియం అనే రేడియోధార్మిక లోహం. అది సగం కావడానికి 1400 కోట్ల ఏళ్లు పడుతుంది, దానికి అయోడిన్ బిళ్ల విరుగుడు కాదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్ల ప్రతిపాదన గురించి వాదించేవాళ్లు మాత్రం ఆ బిళ్లల సంగతి ఇప్పుడే అడగాలి. ప్రమాదం జరిగితే ఎన్ని గంటల్లో అందుతాయి, సరిహద్దుకు ఇవతల ఏ భాషలో చాటింపు వేస్తారు? గాలికి రాష్ట్రాల హద్దు లేదు.

ఆసుపత్రులకు నేను చెప్పేది ఒకటుంది. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, పిల్లలు బడిలో నేర్చేది ఒడియా లిపి. తెలుగులో అచ్చేసినా సగం ఇళ్లకు చేరదు. డిశ్చార్జ్ రోజున తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడి, అదే రోగి బంధువుల ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వండి. ఏ తేదీ దాకా విడిగా పడుకోవాలి, ఏ తేదీన పిల్లల్ని ఎత్తుకోవచ్చు అన్నది క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. దూరం నుంచి వచ్చినవాళ్లు మొదటి వారం ఆసుపత్రి దగ్గరే ఉండడానికి ఒక వసతి చూపించండి.

మా అత్త చదువుకోలేదు. సంతలో చింతపండు అమ్మి ఇంటిని నెట్టుకొచ్చిన మనిషి. ఆవిడకు పాత లెక్కలోనే చెప్పాను. ఎనిమిది రోజులకు అర, పదహారుకు పావు, ఇరవై నాలుగుకు పరక (ఎనిమిదో వంతు), ముప్పై రెండుకు వీసం (పదహారో వంతు). ఒంట్లో అయితే ఇంకా తొందరగానే పోతుంది, మూత్రంలో చాలా భాగం మొదటి రెండు రోజుల్లోనే వెళ్లిపోతుంది. ఆవిడ వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది.

"అయితే దసరాకే వీసం అయిపోయిందా?" అని అడిగింది.

మా బావ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి పిల్లాణ్ని ఎత్తుకొచ్చాడు.