పేరు అడగని పత్రానికి ఒక ఉద్యోగిని లేఖ

మహారాజశ్రీ అనామక అభిప్రాయ సేకరణ పత్రం గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. ఈ ఉదయం మీ పేరిట వచ్చిన మెయిల్‌లో, నన్ను ఇంటిపేరుతో సహా సంబోధించి, నేను ఇంకా అభిప్రాయం తెలియజేయలేదనీ, తెలియజేస్తే వివరాలు గోప్యంగా ఉంచుతారనీ గుర్తుచేశారు. తెలియజేయలేదని మీకెలా తెలిసిందని అడిగితే, పూర్తిచేసినవారి జాబితా వేరు, జవాబులు వేరు, రెండూ ఎక్కడా కలవవని ఐటీ విభాగం వారు ఓపికగా వివరించారు. నమ్మాను. గత విడతలో కూడా నమ్మాను కాబట్టే, నిన్న మధ్యాహ్నం మూడు గంటలపాటు సమావేశ మందిరంలో తల వంచుకుని కూర్చోవలసి వచ్చింది.

మీరు పేరు అడగరు. ఆ మర్యాదను కాదనను. ఏ విభాగం, ఎన్నేళ్ల సర్వీసు, ఎంత వయసు, స్త్రీయా పురుషుడా అని మాత్రమే అడుగుతారు. మా బిల్లుల విభాగంలో పదకొండుమందిమి. అందులో ఆడవాళ్లం ఇద్దరం. రెండో అమ్మాయి చేరి ఎనిమిది నెలలైంది. ఇక పదిహేనేళ్ల సర్వీసు దాటిన స్త్రీ ఎవరో తేల్చడానికి గూఢచారి అక్కరలేదు, తీసివేతలు వచ్చినవారైతే చాలు. జవాబిచ్చినవారు మరీ కొద్దిమందైతే ఆ గుంపు ఫలితాన్ని విడిగా చూపకూడదన్నది సర్వేలు చేసేవారికి తెలిసిన నియమమే. ఐదుగురనో పదిమందనో ఒక హద్దు పెట్టుకుంటారు. మా దగ్గర ఆ హద్దు ఒకరు.

నిన్న తెరమీద నా వాక్యం అక్షరం పొల్లుపోకుండా కనిపించింది: 'పాత పద్ధతిలో బిల్లుకు ఇద్దరి ఆమోదం సరిపోయేది; కొత్త సాఫ్ట్‌వేర్‌లో ముగ్గురిది కావాలి, అది మధ్యలో ఆగిపోతుందన్న భయంతో పాత రిజిస్టరు కూడా రాస్తూనే ఉన్నాం.' మా కార్యాలయంలో అర్ధవిరామం వాడేది నేనొక్కదాన్నే. 'ఎవరు రాశారన్నది మాకు ముఖ్యం కాదు' అన్నారు పైఅధికారి, నావైపే చూస్తూ. 'రాసినవారు నిర్భయంగా లేచి మాట్లాడితే సంతోషిస్తాం' అని కూడా అన్నారు. ఎవరూ లేవలేదు. కొత్త అమ్మాయి మాత్రం మంచినీళ్ల సీసాను మెల్లగా నావైపు జరిపింది. ఆపైన మార్పును చూసి బెదిరే మనస్తత్వం గురించి నలభై నిమిషాల ఉపన్యాసం నడిచింది. రిజిస్టరు ప్రసక్తి రాలేదు.

ఆ ఉపన్యాసంలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ పేరిట ఒక స్లైడ్ వేశారు. పాత అలవాటు అనే మంచును కరిగించడం, కదిలించడం, కొత్త రూపంలో మళ్లీ గడ్డకట్టించడం అని ఆయన 1947లో చెప్పిన మూడు దశలు అందులో ఉన్నాయి. కరగవలసినది మేమేనని వారి అభిప్రాయం. పై అంతస్తులోని మంచు దగ్గరికి ఎవరూ నిప్పు తీసుకువెళ్లినట్టు లేదు. ముందుకు నెట్టే బలాన్ని పెంచితే ఉద్రిక్తత పెరుగుతుందనీ, అడ్డుపడే కారణాలను తగ్గిస్తే మార్పు తేలికవుతుందనీ చెప్పినవాడు కూడా ఆ లెవినే. నా రిజిస్టరు అలాంటి కారణమే. దానికి స్లైడ్ లేదు.

మీ వంశంలో మంచివారు లేకపోలేదు. అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లను తామే రాసి పంపే ఏర్పాటు 1976 నుంచి నడుస్తోంది. ఆ నివేదికలు చర్య తీసుకునే అధికారమున్న విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకి కాక, ఆ అధికారం లేని నాసాకి వెళతాయి. పేరున్న ముక్కను వేరుచేసి, తేదీ ముద్ర వేసి, రాసినవారికే తిప్పి పంపుతారు. మీరైతే నా ముక్కను నేరుగా తెరమీదికే పంపారు.

గోడకు అంటించిన రంగురంగుల చీటీలను, 'మార్పు రాయబారులు' అని మెడలో వేలాడే బిళ్లలను క్షమించేశాను. పైఅధికారి గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న విధానం మీద కూడా కోపం లేదు. తలుపు నిజంగానే తెరిచి ఉంటుంది, లోపల కుర్చీయే ఖాళీ. సమావేశం ముగిశాక మాత్రం ఆ కుర్చీలో మనిషి ఉన్నారు. నన్ను పిలిచి, 'ఏదైనా ఉంటే నేరుగా నాతో చెప్పవచ్చు కదమ్మా' అన్నారు. నేరుగా రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ 'సర్వేలో రాయండి' అన్నది ఆయనే.

అసలు నిన్ను ఎవరు పుట్టించారు? నోరు విప్పమని బతిమాలి, విప్పిన నోటిని పదిమందిలో పట్టించడానికి నీకు సిగ్గుగా లేదా? నేను అడిగింది జీతమా, పదోన్నతా? ఒకే బిల్లును రెండుచోట్ల రాయలేక చస్తున్నామని చెప్పాను. అది బెదురు కాదు, పనిచేసేదాని సమాచారం. దాన్ని పక్కన పెట్టి, రాసిందెవరో వెతికారు. దొరికాను. సంతోషమా?

క్షమించాలి, 'మీరు' అనవలసింది.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆస్పత్రులలో మందుల పొరపాట్లను పరిశీలిస్తే, బాగా నడిచే జట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదై కనిపించాయి. ఎక్కువ చేసినందుకు కాదు, చెప్పుకోవడానికి జంకు లేనందుకు అని ఆమె అర్థం చేసుకున్నారు. ఈ విడత మా విభాగంలో ఫిర్యాదులు సున్నా అని వస్తాయి. ఆ సున్నాను ఆకుపచ్చ రంగులో చూపిస్తారు, చప్పట్లు కూడా కొడతాం.

మీ ఆఖరి పెట్టెలో 'అంతా బాగుంది' అని నింపి పంపాను. అర్ధవిరామం వాడలేదు. ఇక సెలవు, నిన్నటి మూడు గంటల బిల్లులు రిజిస్టరులోకి ఎక్కించాలి.

ఇట్లు,
బిల్లుల విభాగం, పదిహేనేళ్లకు పైబడిన సర్వీసు, స్త్రీ.
(పేరు అక్కరలేదన్నారు కదా.)